జీళ్ళలో జీడిపప్పు ఉండదు

ప్రశ్న క్లుప్తంగా ఇది: అమెరికాలో సముద్రం ఒడ్డునున్న అట్లాంటిక్ సిటీకి వెళ్ళినప్పుడు 'సాల్ట్ వాటర్ టాఫీ' డబ్బా ఒకటి కొని ఇంటికి తెచ్చారు. ఇండియా నుంచి వచ్చిన అమ్మగారు ఒకటి నోట్లో వేసుకుని "ఇవి మన జీళ్ళే కదే!" అన్నారు. మీకేమో జీళ్ళంటే తెలియదు. జీడిపాకం అనే మాట మాత్రం విన్నారు, అదీ టీవీ సీరియళ్ళను తిట్టేటప్పుడు. అందుకని మూడు సంగతులు అడిగారు. జీడిపాకం అంటే జీడిపప్పుతో పట్టే పాకమా? జీళ్ళకూ దానికీ సంబంధం ఏమిటి? ఈ 'టాఫీ' అన్న మాట ఎక్కడ పుట్టింది?

నేను పుట్టి పెరిగింది విజయనగరం వైపు. ముప్పై ఏళ్ళకు పైగా బడిలో తెలుగు చెప్పాను. అంతకుముందు, అంటే లాగూలు తొడుక్కునే వయసులో, మా మేనమామ తీర్థాల్లో, అంటే జాతరల్లో, మిఠాయి కొట్టు పెడితే పక్కన నిలబడి జీళ్ళు లాగాను. కాబట్టి ఈ విషయంలో మాట తెలుసు, అరచేతులు కాలడమూ తెలుసు.

ముందు సూటిగా చెప్పేస్తాను. జీళ్ళలో జీడిపప్పు పలుకు కూడా ఉండదు. ఉండేవి బెల్లం, నీళ్ళు, చేతికి రాసుకోవడానికి కాస్త నెయ్యో నూనో, పైన అద్దడానికి నువ్వులు. కొందరు యాలకుల పొడో శొంఠి పొడో వేస్తారు. అంతే.

జీళ్ళు, జీడిపాకం వేర్వేరు మాటలు కావు. కోడి కోళ్ళయినట్టు, గుడి గుళ్ళయినట్టు, బండి బళ్ళయినట్టు జీడి జీళ్ళయింది. ఏకవచనంలో ఉన్న 'డి', బహువచన ప్రత్యయం 'లు'తో కలిసి 'ళ్ళు'గా మారడం తెలుగులో మామూలు సంగతే. మరి ఈ జత మాత్రం మనకెందుకు తట్టదు? కొట్టు దగ్గరికెళ్ళి "ఒక జీడి ఇవ్వు" అని ఎవరూ అడగరు. "పావుకిలో జీళ్ళు కట్టు" అంటారు. అలా తినే వస్తువుకు బహువచనం ఒక్కటే మిగిలింది. ఏకవచనం వెళ్ళి పాకంతో సమాసంలో దాక్కుంది. తీర్థాలు చూడని తరానికి జీళ్ళు పోయాయి, సీరియళ్ళు చూసే తరానికి జీడిపాకం మిగిలింది. తల్లి ఒకటి పట్టుకుంది, కూతురు రెండోది పట్టుకుంది, మీ ఇంట్లో జరిగింది అదే.

జీడిపప్పు అనుమానం రావడంలో మీ తప్పేం లేదు. గోదావరి జిల్లాల్లో 'జీడిపప్పు పాకం' అని నిజంగానే ఒక మిఠాయి ఉంది. బెల్లం పాకంలో జీడిపప్పు వేసి అచ్చు పోస్తారు. అది వేరుశనగ అచ్చుకు డబ్బున్న అన్నయ్య. పంటి కింద పటుక్కుమంటుంది తప్ప సాగదు. దాన్ని తిన్నవాళ్ళు "సీరియల్ జీడిపాకంలా సాగుతోంది" అన్న మాట విని, ఆ పాకం సాగదే అని తికమక పడటం నేను చాలాసార్లు చూశాను.

ఇప్పుడు అసలు మాట, జీడి. తెలుగులో పాత జీడి అంటే నల్లజీడి చెట్టు. సంస్కృతంలో భల్లాతకం అంటారు, హిందీలో భిలావా. దాని గింజ పెంకులో చిక్కటి, నల్లటి, ఘాటైన నూనె ఉంటుంది. ఒంటికి తగిలిందంటే బొబ్బలెక్కుతుంది. బట్టకు తగిలిందంటే ఇక పోదు. అందుకే చాకళ్ళు ఏ బట్ట ఏ ఇంటిదో తెలియడానికి ఆ నూనెతో గుర్తు పెట్టి, సున్నంతో దాన్ని స్థిరం చేసేవారు. దాని ఇంగ్లీషు పేరుకు అర్థం కూడా గుర్తులు పెట్టే గింజ అనే. పిల్లలకు దిష్టి తీయడానికి నల్లజీడి గింజలు వాడే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి.

పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు బ్రెజిల్ నుంచి కొత్త చెట్టొకటి తెచ్చి మన పడమటి తీరాన దింపారు. గింజ పండు లోపల కాకుండా కింద వేలాడుతోంది. నల్లజీడి గింజ కూడా అచ్చం అలాగే, మెత్తటి కండ ఉన్న కాడకు చివర కూర్చుని ఉంటుంది. పెంకులో చర్మాన్ని కాల్చే నూనె కూడా ఉంది. ఇంకేం, తెలుగువాడు దానికి జీడిమామిడి అని పేరు పెట్టేశాడు. వృక్షశాస్త్రం ప్రకారం నల్లజీడి, జీడిమామిడి, మామిడి మూడూ ఒకే కుటుంబం. శాస్త్రం చదవని వాళ్ళు పెట్టిన పేరు శాస్త్రానికి సరిగ్గా సరిపోవడం నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది. మామిడికాయ టెంకలోని గింజను కూడా జీడే అంటాం. ఆవకాయ ముక్కలు తుడిచేటప్పుడు "జీడి తీశావా, పొర తీశావా" అని పెద్దవాళ్ళు గద్దించడం మీ అమ్మగారికి గుర్తుంటుంది.

కాలం గడిచేకొద్దీ కొత్త చెట్టు పాతదాని పేరు మింగేసింది. ఇవాళ పలాసలో జీడి అంటే జీడిపప్పే. జీడి తోటలు, జీడి పిక్కలు, జీడి కార్మికులు. నల్లజీడికి 'నల్ల' తగిలిస్తే తప్ప గుర్తింపు లేదు. ఆ నేలమీదే తీర్థాల్లో బెల్లం జీళ్ళు కూడా అమ్ముతారు కాబట్టి అయోమయం అక్కడే ముదిరింది.

మిఠాయికి ఈ పేరు ఎందుకొచ్చిందంటే, నా మటుకు నాకు అంటుకునే గుణం వల్లనే అనిపిస్తుంది. దించిన వేడి బెల్లం పాకాన్ని ఒకసారి చూడండి. నల్లగా, చిక్కగా ఉంటుంది, చర్మానికి తగిలితే వదలదు, పైగా బొబ్బలెక్కిస్తుంది. నల్లజీడి నూనె చేసే పనులన్నీ చేస్తుంది. ముక్క ఆకారం గింజలా ఉంటుంది కాబట్టి ఆ పేరన్న వాదన కూడా విన్నాను. కానీ ఆకారాన్ని బట్టి వచ్చిన పేరైతే ముక్కకే అతుక్కునేది, పాకానికి ఎందుకు పాకుతుంది? ముక్కలు కొట్టకముందే, ఇంకా మూకుడులో ఉండగానే అది జీడిపాకం. పేరు పెట్టినవాడు కత్తెరకు వచ్చేదాకా ఆగలేదు. ఒక హెచ్చరిక మాత్రం చేస్తాను: జిగురు, జిగట, జిడ్డు అన్నీ 'జి'తో మొదలవుతాయి కాబట్టి జీడి కూడా వాటి చుట్టమే అని తేల్చేయకండి. మొదటి అక్షరం కలిసినంత మాత్రాన వియ్యం కుదరదు.

చేసే విధానం చెబితే మాట ఇంకా బాగా అర్థమవుతుంది. అదీ కాక, చెప్పకుండా ఉండలేను.

బెల్లం కరిగించి, వడగట్టి, మళ్ళీ పొయ్యి మీద పెట్టి ఉడికిస్తారు. తీగపాకం దాటాలి, లేత ఉండపాకం దాటాలి. చల్లటి నీళ్ళ గిన్నెలో చుక్క వేస్తే గట్టి ఉండ కట్టాలి, వేళ్ళతో నొక్కితే మాత్రం ఇంకా లొంగాలి. అదీ జీడిపాకం. థర్మామీటరు పెట్టి చూస్తే 125 డిగ్రీల సెల్సియస్ అటూ ఇటూ ఉంటుంది. అప్పటికి పాకంలో నీరు నూటికి ఎనిమిది పాళ్ళకు దిగిపోతుంది. ఇంకా ఉడికించి 150 దాకా తీసుకెళితే నీరు ఒక్క పాలుకు అటూ ఇటూగా మాత్రమే మిగులుతుంది. ఉండను పళ్ళెంలో కొడితే ఖంగుమంటుంది. అది అచ్చుల పాకం, చిక్కీ పాకం. అంటే జీడికీ అచ్చుకీ మధ్య తేడా ఆ నాలుగు చెంచాల నీరే. మా మేనమామకు థర్మామీటరు పేరు కూడా తెలియదు. బుడగలు పగిలే చప్పుడు విని మూకుడు దించేవాడు.

దించాక నూనె రాసిన రాతిబండ మీద పోస్తారు. అంచులు ముందు చల్లారతాయి కాబట్టి వాటిని మధ్యకు మడుస్తూ ఉండాలి. చెయ్యి తట్టుకునే వేడికి వచ్చాక ముద్దను ఎత్తి, స్తంభానికి కొట్టిన మేకుకో కొయ్యకో తగిలించి, బారెడు లాగి, మడిచి, మళ్ళీ తగిలించి, మళ్ళీ లాగాలి. అసలు కష్టం ఇక్కడే. మొదట అది మిమ్మల్ని లాగుతుంది. ఓ పదిహేను మడతలయ్యాక దారికొస్తుంది. రంగు చూస్తూండగానే మారిపోతుంది: నల్లటి గోధుమరంగు కాస్తా తేనెరంగై, తర్వాత బంగారపు రంగులోకి, ఇంకా లాగితే పాలిపోయిన పసుపులోకి వస్తుంది. చిన్నప్పుడు నాకిదొక మాయ. ఏమీ కలపలేదు కదా, తెల్లబడటం ఏమిటి? కలిపింది గాలి. ప్రతి మడతలో కాస్త గాలి చిక్కుకుంటుంది. లాగినకొద్దీ ఆ గాలి కంటికి కనిపించని సన్నటి బుడగలుగా చీలి, పడ్డ వెలుతురును చెల్లాచెదురు చేస్తుంది. పళ్ళకు మెత్తగా తగిలేదీ ఆ గాలి వల్లనే. లెక్క కూడా సరదాగా ఉంటుంది. ఒక్కో మడతకు పోగులు రెట్టింపు అనుకుంటే పది మడతలకు 1,024, ఇరవై మడతలకు పది లక్షలు దాటుతాయి. సోన్‌పాపిడిలో దారాలు పుట్టేది కూడా ఈ లెక్కలోనే. అక్కడ మడతకూ మడతకూ మధ్య పిండి చల్లుతారు కాబట్టి పోగులు విడివిడిగా నిలబడతాయి. ఇక్కడ పిండి లేదు కాబట్టి మళ్ళీ కలిసిపోతాయి.

చివరికి తాడులా సాగదీసి, నువ్వుల్లో దొర్లించి, కత్తెరతో తుంపుతారు.

ఒకసారి నేను తెలివికి పోయి, ఉడికే పాకాన్ని గరిటెతో తెగ తిప్పాను. మూకుడంతా పలుకులు పట్టి ఇసుకలా అయిపోయింది. లాగుదామంటే ఎక్కడికక్కడ విరిగింది. ఆ రోజు పడిన తిట్లు రాయడం మర్యాద కాదు. తర్వాత తెలిసింది ఏమిటంటే, కుదిపినకొద్దీ పంచదార అణువులు బారులు తీరి స్ఫటికాలు కడతాయి. బెల్లంలో సహజంగానే గ్లూకోజు, ఫ్రక్టోజు కాస్త ఉంటాయి కాబట్టి అవి ఆ బారులకు అడ్డుపడతాయి. వట్టి పంచదారతో చేసేవాళ్ళు నాలుగు చుక్కల నిమ్మరసం పిండేది కూడా అందుకే. పులుపు పంచదారను ఆ రెండుగా విడగొడుతుంది. అమెరికావాళ్ళు అదే పనికి మొక్కజొన్న సిరప్ పోస్తారు. ఉపాయం ఒకటే, దినుసు వేరు.

ఇక సీరియళ్ళ సంగతి. తెలుగులో 'సాగు' అన్న క్రియ ఉంది చూడండి, దానికి రెండు పనులున్నాయి. "ప్రయాణం సాగింది" అంటే ముందుకు వెళ్ళింది. "రబ్బరు సాగింది" అంటే పొడుగైంది, ఉన్నచోటే ఉంది. కథ సాగితే మంచిదే, సాగదీస్తే చిరాకు. జీడిపాకం అన్న పోలిక ఈ రెంటి మధ్య కీలు మీద కూర్చుంది. ఇంతింత లాగుతున్నా కొత్తగా చేరింది గాలే అన్న సంగతి లాగినవాడికి తెలుసు. దానికి తోడు 'పాకం' అన్న మాట. మన అలంకారికులు కవిత్వాన్ని మూడు పాకాలుగా చెప్పారు: నోట్లో పడగానే కరిగే ద్రాక్షాపాకం, తొక్క ఒలిస్తే అందే కదళీపాకం, చిప్ప పగలగొడితే తప్ప దక్కని నారికేళపాకం. మా స్టాఫ్‌రూములో ఒక మాస్టారు టీవీ సీరియల్‌ను నాలుగో పాకం కింద చేర్చి తరగతిలో కూడా చెప్పేవారు. పరీక్షలో ఒక కుర్రాడు నిజంగానే నాలుగు పాకాలు రాశాడు. సగం మార్కు తీయాలో కలపాలో మాకు తేలలేదు.

ఈ పోలిక మన ఒక్కరిదే కాదు. తమిళులు కర్రకు చుట్టుకొచ్చి, లాగి పిల్లల చేతికి వాచీలా చుట్టి ఇచ్చే మిఠాయిని 'జవ్వు మిట్టాయ్' అంటారు. జవ్వు అంటే సాగే పొర. వాళ్ళు కూడా ఊరికే సాగే మాటను, కథను "జవ్వులా లాగకు" అనే అంటారు. సరిహద్దుకు అటూ ఇటూ ఒకే చిరాకు, వేర్వేరు మిఠాయిలు.

టాఫీకి వద్దాం. ఇంగ్లీషులో 'టాఫీ' అన్న రూపం 1817 నాటికి రాతలో కనిపిస్తుంది, 'టోఫీ' అన్నది 1825 నాటికి. అంటే నిఘంటువుల లెక్కన టాఫీ అక్క, టోఫీ చెల్లెలు. రెండూ ఒకే మాటకు బ్రిటన్‌లో ప్రాంతాన్ని బట్టి వచ్చిన పలుకుబడి తేడాలు. తర్వాత దారులు వేరయ్యాయి. బ్రిటన్‌లో టోఫీ అంటే వెన్న, పంచదార కలిపి గట్టిగా ఉడికించింది, అదే స్థిరపడింది. మన పిల్లలు 'టాఫీ' అనేది అక్షరాలా ఈ టోఫీనే, దొరల కాలం మాట. అమెరికాలో టాఫీ అంటే లాగి చేసే మెత్తటి మిఠాయి. మీరు కొన్నది ఇది.

అంతకు ముందు మూలం ఏమిటన్న దానికి పండితులు ఎక్కువగా మొగ్గేది 'తాఫియా' వైపు. తాఫియా అంటే వెస్టిండీస్ దీవుల్లో చెరుకు మడ్డితో కాచే చవకరకం సారా. తొలినాటి టాఫీ కూడా మడ్డి పాకంతోనే చేసేవారు కాబట్టి ఈ ఊహకు బలముంది. ఒక పొరపాటు మాత్రం పడకండి: వేల్స్ దేశస్థుణ్ణి ఎగతాళిగా 'టాఫీ' అనడం ఉంది. అది దావీదుకు వెల్ష్ రూపమైన 'దవిద్' నుంచి వచ్చింది. మిఠాయితో దానికి పొత్తు లేదు.

'సాల్ట్ వాటర్' అన్న తోకకు ఒక కథ ఉంది. 1880ల్లో అట్లాంటిక్ సిటీలో ఒక కొట్టులోకి సముద్రం పొంగి వచ్చి సరుకంతా తడిపేసిందనీ, కొనడానికి వచ్చిన పిల్లతో కొట్టువాడు "ఇది ఉప్పునీళ్ళ టాఫీ" అని వెటకారంగా అన్నాడనీ, అదే పేరు నిలిచిందనీ చెబుతారు. కథ బాగుంది కాబట్టే నాకు అనుమానం. ఏదైనా, అందులో సముద్రపు నీళ్ళుండవు. కాస్త ఉప్పు, కాస్త నీళ్ళు, అంతే. జీళ్ళలో జీడిపప్పు ఎంతో దాంట్లో సముద్రం అంత. 1923లో ఒక వ్యాపారి ఆ పేరు మీద ట్రేడ్‌మార్కు సంపాదించి మిగతావాళ్ళను డబ్బు కట్టమంటే, పేరు అప్పటికే అందరిదీ అయిపోయిందని కోర్టులో తేలింది.

అమెరికావాళ్ళు టాఫీని సాగే గుణానికి కాక తీపికి వాడుకున్నారు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో అక్కడ 'టాఫీ' అంటే ముఖస్తుతి, మనం కాకా పట్టడం అంటామే, అది. కెనడాలో ఫ్రెంచివాళ్ళు తమ మిఠాయికి ఏకంగా 'తీర్' అని పేరు పెట్టేశారు. ఆ భాషలో లాగడం అని అర్థం. నవంబరు 25న సెయింట్ కేథరిన్ పండుగకు చేస్తారు. కొరియావాళ్ళు 'యొత్' అనే ఇలాంటి మిఠాయిని పరీక్షలు రాసే పిల్లలకిస్తారు. వాళ్ళ భాషలో అతుక్కోవడానికీ పరీక్ష పాసవడానికీ ఒకటే క్రియ. మన దగ్గర పరీక్షకు వెళ్ళేవాడికి జీడి పెడితే, మూడేళ్ళ డిగ్రీ ఐదేళ్ళు సాగుతుందని ఇంట్లో వాళ్ళు లాక్కుంటారు. ఉత్తరాదిన నువ్వులద్దిన రేవడీ కూడా మేకుకు వేసి లాగిన పాకమే. 2022 జులైలో ప్రధాని ఎన్నికల ఉచితాలను 'రేవడీ సంస్కృతి' అన్నాక ఆ పేరు తెలుగు పత్రికల్లోకీ వచ్చింది. తెలుగు విలేకరులెవరూ దాన్ని 'జీళ్ళ సంస్కృతి' అని రాయలేదు, రాయకపోవడమే మంచిదైంది. మనకు జీడి పంచిపెట్టేది కాదు, సాగదీసేది.

మీ అమ్మగారి మాట దగ్గరికి వస్తే, పాకం అదే, లాగడం అదే, నోట్లో ప్రవర్తన అదే. తేడా అంతా బెల్లంలో ఉంది. టాఫీలో పంచదార తీపికి ముందూ వెనకా ఏమీ ఉండదు కాబట్టి అరటి, పుదీనా వాసనలు కలుపుతారు. అనకాపల్లి బెల్లంతో చేసిన జీడికి తీపి వెనకాల చెరుకు మడ్డి తాలూకు చిరుచేదు ఒకటి తగులుతుంది, నువ్వు పగిలినప్పుడు ఇంకొకటి. అది ఆవిడకు ఆ డబ్బాలో దొరికి ఉండదు. ఎప్పుడైనా తెప్పించుకుంటే వానాకాలంలో మాత్రం వద్దు. గాలిలో తేమ పీల్చి ముద్దకట్టి, చుట్టిన కాగితంతో సహా తినాల్సి వస్తుంది. మేం తిన్నాం.

మీరు ఆవిడ సొంతూరు రాయలేదు. గోదావరికి ఇవతలైతే తీర్థం అనే అంటారు, గుంటూరు వైపైతే తిరునాళ్ళు, తెలంగాణలో అయితే జాతర. వాళ్ళ ఊళ్ళో వీటిని జీళ్ళనే అనేవారా, ఇంకేదైనా పేరుండేదా, ముక్క పొడుగ్గా ఉండేదా, బిళ్ళలా ఉండేదా, ఓసారి అడిగి రాయండి.